మైలు వేగానికి మూడు గజాలు

గోల్ఫ్ నేర్పేవాళ్ళ దగ్గర ఒక నోటి లెక్క ఉంటుంది. క్లబ్‌హెడ్ (గోల్ఫ్ కర్ర తల) వేగం గంటకు ఒక్క మైలు పెంచుకుంటే బంతి మూడు గజాలు ఎక్కువ పోతుందంటారు. రెండున్నరే అనేవాళ్ళూ ఉన్నారు. అంకె ఏదైనా లెక్క తీరు ఒకటే. పది మైళ్ళు పెరిగితే పాతిక, ముప్ఫై గజాలు; ఇరవై పెరిగితే యాభై, అరవై.

హైస్కూలు ఫిజిక్స్ కాస్తయినా గుర్తున్నవారికి ఇది మింగుడు పడకూడదు. ఒక కోణంలో విసిరిన వస్తువు ఎంత దూరంలో పడుతుందన్నది వేగపు వర్గాన్ని బట్టి ఉంటుందని చదువుకున్నాం. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు కావాలి. శక్తి లెక్కా అదే చెబుతుంది, గతిజశక్తి కూడా వేగపు వర్గంతోనే పెరుగుతుంది. మరి గోల్ఫ్ మైదానంలో ఆ వర్గం ఎక్కడ మాయమైంది?

కోచ్‌ల లెక్క తప్పు కాదు. ట్రాక్‌మన్ రాడార్లు వృత్తి క్రీడాకారుల షాట్లను కొలిచి తీసిన సగటులు చూడండి. ఇవి పదేళ్ళ కిందటివి, ఇప్పుడు అంకెలు కొంచెం పెరిగాయి. మహిళల ఎల్పీజీఏ టూర్‌లో డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) క్లబ్‌హెడ్ వేగం గంటకు 94 మైళ్ళు, బంతి బయలుదేరే వేగం 140 మైళ్ళు, నేలను తాకేలోగా గాలిలో సాగే దూరం 218 గజాలు. పురుషుల పీజీఏ టూర్‌లో అవే అంకెలు 113, 167, 275. క్లబ్ వేగంలో తేడా 19 మైళ్ళు, దూరంలో తేడా 57 గజాలు. భాగిస్తే సరిగ్గా మూడు. బంతి వేగానికి వర్గం లెక్కే నిజమైతే 218 గజాలు కాస్తా 310 అయి ఉండాలి. 35 గజాలు ఎవరో మధ్యలో కాజేశారు.

ఆ దొంగను పట్టుకోవాలంటే బంతి కంటే ముందు మనిషి దగ్గర మొదలుపెట్టాలి.

క్లబ్‌ను వెనక్కి ఎత్తడానికి పట్టే కాలంలో మూడో వంతులోనే మంచి ఆటగాడు దాన్ని కిందికి దింపేస్తాడు. దింపడానికి పట్టేది పావు సెకను, అటూ ఇటూ. ఆ పావు సెకనులో 200 గ్రాముల క్లబ్‌హెడ్ నిశ్చల స్థితి నుంచి గంటకు 113 మైళ్ళకు, అంటే మన లెక్కలో 182 కిలోమీటర్లకు చేరుతుంది. ఇంతా చేసి చేతుల వేగం అందులో అయిదో వంతుకు అటూ ఇటూ మాత్రమే. మిగతా వేగం మణికట్టు మడతలోంచి వస్తుంది. జొన్నచేలో పిట్టలను తోలే ఒడిసెల ఎలా పనిచేస్తుందో చూసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. చెయ్యి ముందు కదలాలి, తాడు వెనక రావాలి, రాయి అందరికంటే వెనక రావాలి. చివర్లో చెయ్యి నెమ్మదిస్తే ఆ వేగమంతా రాయికి చేరుతుంది. భౌతికశాస్త్రవేత్తలు గోల్ఫ్ స్వింగ్‌ను ఒకదానికి ఒకటి తగిలించిన రెండు లోలకాలుగా చూస్తారు. భుజం నుంచి చేతుల దాకా ఒకటి, చేతుల నుంచి క్లబ్‌హెడ్ దాకా రెండోది. 1968లో అలాస్టైర్ కోక్రన్, జాన్ స్టాబ్స్ రాసిన పుస్తకం ఈ నమూనాను సామాన్య గోల్ఫర్ల దాకా తీసుకొచ్చింది.

ఈ నమూనా చెప్పే మాట కొత్తవారికి రుచించదు. గట్టిగా కొట్టాలనే ఆత్రంలో మణికట్టును ముందే విప్పేస్తే వేగం పెరగదు, తగ్గుతుంది. రెండో లోలకం వీలైనంత సేపు మడిచి ఉండాలి. క్లబ్ బంతి దగ్గరికి వచ్చేసరికి చేతుల వేగం తగ్గడం మొదలై, వాటి శక్తి క్లబ్‌లోకి జారుకుంటుంది. బంతిని తాకబోయే క్షణాన క్లబ్‌హెడ్ చేతులను బయటికి లాగే బలం సుమారు నలభై కిలోల బరువుకు సమానం. ఆ బలానికి తూలిపోకుండా నిలవడానికే నడుము, తొడలు, పాదాలు పనిచేస్తాయి. గోల్ఫర్లు జిమ్‌లో చేతుల కండలకంటే కాళ్ళమీద ఎక్కువ శ్రద్ధ పెట్టేది ఇందుకే.

క్లబ్ పొడుగు పెంచితే చివర వేగం పెరుగుతుంది కదా అని అడగవచ్చు. పెరుగుతుంది, గురి చెడుతుంది. పైగా నియమాలు ఒప్పుకోవు. సాధారణ పరిమితి 48 అంగుళాలు. 2022 నుంచి పెద్ద పోటీల నిర్వాహకులు కావాలనుకుంటే 46 అంగుళాలకే కట్టడి చేసే వీలుంది.

ఇక తాకిడి. మొత్తం ఆటలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచే ఘట్టం ఇదే. బంతి, క్లబ్ ముఖం ఒకదానినొకటి తాకి ఉండే కాలం అర మిల్లీసెకను కూడా నిండదు. ఈలోగా 46 గ్రాముల బంతి అప్పచ్చిలా అణిగి, మళ్ళీ గుండ్రమై, సెకనుకు 75 మీటర్ల వేగంతో వెళ్ళిపోతుంది. దాని మీద పడే సగటు బలం ఏడున్నర వేల న్యూటన్లు, అంటే ముక్కాల్ టన్ను బరువు. మనిషి నాడి మీదుగా ‘తగిలింది’ అన్న కబురు మెదడుకు చేరేలోపే బంతి చాలా దూరం పోయి ఉంటుంది. తాకేటప్పుడు చేతులతో ఇంకాస్త నెట్టాననుకోవడం ఉత్త భ్రమ. బంతి దృష్టిలో క్లబ్‌హెడ్ కర్రకు తగిలించి ఉందా, గాలిలో తేలుతూ వచ్చిందా అన్నది దాదాపు ఒకటే.

ఇక్కడ వేగం ఎంత పెరుగుతుందో కాగితం మీద తేల్చవచ్చు. బంతి చాలా తేలికై, తాకిడిలో శక్తి ఏమాత్రం వృథా కాకపోతే బంతి వేగం క్లబ్ వేగానికి రెట్టింపు వరకు పోవచ్చు. నిజంలో రెండు కోతలున్నాయి. బంతికి బరువుంది, అది క్లబ్‌హెడ్‌లో దాదాపు నాలుగో వంతు. ఇక అణిగి లేచేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది. ఎదురుగా వచ్చిన వేగంలో ఎంత భాగం విడిపోయే వేగంగా తిరిగి వస్తుందో చెప్పే నిష్పత్తికి గోల్ఫ్ నియమాలు 0.83 దగ్గర గీత గీశాయి. ఒకటికి ఈ 0.83 కలిపితే వచ్చే 1.83ను, ఒకటికి బంతి, క్లబ్‌హెడ్ బరువుల నిష్పత్తి 0.23 కలిపితే వచ్చే 1.23తో భాగిస్తే 1.49. గోల్ఫర్లు స్మాష్ ఫ్యాక్టర్ అనేది దీన్నే. 140ని 94తో, 167ను 113తో భాగించి చూడండి. రెండూ దీని దగ్గరే ఉంటాయి, మహిళలది కాస్త మెరుగు కూడా.

అంటే ఈ దశలో దొంగతనం జరగలేదు. క్లబ్ వేగం ఎంత పెరిగితే బంతి వేగం అదే నిష్పత్తిలో పెరిగింది. టైటానియం డ్రైవర్లలో పలచని ముఖం ట్రాంపొలీన్‌లా వంగి లేవడం వల్ల బంతి తక్కువగా అణుగుతుంది, నష్టం తగ్గుతుంది. అందుకే ఆ గీత గీయాల్సి వచ్చింది. క్లబ్‌హెడ్‌ను ఇంకా బరువుగా చేస్తే బంతికి మరింత వేగం అందేది నిజమే కాని, బరువైన తలను మనిషి అంత జోరుగా తిప్పలేడు. కూడికలు, తీసివేతలు అన్నీ అయ్యాక 200 గ్రాముల దగ్గర తూకం కుదిరింది.

క్లబ్ ముఖం మధ్య భాగానికి పక్కగా తగిలితే మాత్రం వేరే సంగతి. తల మెలి తిరుగుతుంది, కొంత వేగం అందులో పోతుంది, బంతికి అక్కర్లేని పక్క తిరుగుడు అంటుతుంది. వారాంతపు ఆటగాడు పోగొట్టుకునే గజాల్లో చాలా భాగం ఇక్కడే పోతాయి.

స్వింగ్ చూడ్డానికి ఎలా ఉన్నా ఈ అర మిల్లీసెకనుకు పట్టదు. క్లబ్ వేగం ఎంత, అది ఏ దిశలో వస్తోంది, ముఖం ఎటు చూస్తోంది, ఏ చోట తగిలింది – బంతికి అందే సమాచారం ఇంతే. హైదరాబాదు నుంచి వెళ్ళిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల వెన్నెముకలో వంపు ఉంది, దానికి తగ్గట్టే అతని స్వింగ్‌కూ తనదైన ఒంపు ఉంది. పాఠ్యపుస్తకంలో వేసే బొమ్మ కాదది. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి అతను పీజీఏ టూర్ విజేత కావడానికి అదేమీ అడ్డు రాలేదు.

బంతి క్లబ్‌ను వదిలింది. ఇక మిగిలింది గాలి.

గాలి లేదనుకుని ముందొక లెక్క వేద్దాం. పురుషుల టూర్ సగటు ప్రకారం బంతి 10.9 డిగ్రీల కోణంలో లేస్తుంది. శూన్యంలో ఆ వేగానికి, ఆ కోణానికి అది పది మీటర్ల ఎత్తుకు పోయి, మూడు సెకన్లు తిరగకుండానే 231 గజాల దూరంలో పడాలి. కాని మైదానంలో అది దాదాపు 29 మీటర్ల ఎత్తుకు లేస్తుంది, ఆరు సెకన్ల పైగా గాలిలో ఉంటుంది, 275 గజాలు పోతుంది. గాలి అడ్డుపడుతుందనే కదా అందరం అనుకుంటాం. ఇక్కడ గాలే 44 గజాలు చేతిలో పెట్టి పంపింది.

ఈ తిరకాసును మొదట శ్రద్ధగా పట్టించుకున్న మనిషి పీటర్ గత్రీ టెయిట్. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడు, లార్డ్ కెల్విన్‌తో కలిసి పెద్ద గ్రంథం రాసిన పండితుడు, సెలవొస్తే సెయింట్ ఆండ్రూస్ మైదానంలో తేలే గోల్ఫ్ పిచ్చివాడు. కొడుకు ఫ్రెడ్డీ తండ్రిని మించిన ఆటగాడు, 1896లోనూ 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ చాంపియన్. 1890లలో టెయిట్‌ను వేధించిన సంగతి దూరం కాదు, కాలం. ఇంత చదునుగా లేచిన బంతి అంతసేపు గాలిలో ఎలా నిలుస్తుంది? కింద నుంచి ఏదో బలం మోస్తుండాలి. బంతి వెనక్కి గింగిరాలు తిరుగుతుండాలని ఆయన ఊహించాడు. అంత వేగంగా తిరిగే బంతిని లెక్కపెట్టేదెలా, హైస్పీడ్ కెమెరా లేని రోజుల్లో? ఒక పలచని టేపు తెచ్చి, ఒక చివర బంతికి అంటించి, రెండో చివర కదలకుండా బిగించి, బంతిని మట్టి గోడకేసి కొట్టించాడు. తరవాత తీరుబడిగా టేపులో ఎన్ని మెలికలు పడ్డాయో లెక్కపెట్టాడు. ప్రయోగశాలల్లో ఇంత చవకగా, ఇంత తెలివిగా జరిగిన కొలతలు నాకు ఎక్కువ తెలియవు.

ఇప్పటి రాడార్ల లెక్కలో టూర్ ఆటగాడి డ్రైవ్ నిమిషానికి 2,700 సార్లు, అంటే సెకనుకు 45 సార్లు వెనక్కి తిరుగుతుంది. బంతి పైభాగం గాలిని తనతో పాటు వెనక్కి లాగుతుంది, కిందిభాగం ఎదురు తోస్తుంది. ఫలితంగా బంతిని దాటిన గాలి కిందికి మళ్ళుతుంది, గాలిని కిందికి తోసిన బంతి పైకి లేస్తుంది. దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. డ్రైవ్ మొదట్లో ఈ బలం బంతి బరువును మించిపోతుంది. మంచి డ్రైవ్‌ను పక్కనుంచి చూస్తే మొదట కిందికి వంగకుండా ఇంకా పైకి లేస్తున్నట్టు కనిపిస్తుంది. కళ్ళు మోసం చేయడం లేదు, నిజంగానే లేస్తుంది.

బంతి మీది గుంటల పని కొంత ఇదే. గట్టాపర్చా అనే చెట్టు పాలతో చేసిన బంతులు వచ్చిన కొత్తల్లో, కొత్త నున్నటి బంతికంటే గీతలు పడ్డ పాత బంతి బాగా పోతోందని ఆటగాళ్ళు గమనించారు. ఆ తరవాత కావాలనే సుత్తితో గాట్లు పెట్టారు. 1905లో ఇంగ్లండ్‌కు చెందిన విలియం టేలర్ గుంటల నమూనాకు పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటి బంతికి మూడు వందల నుంచి అయిదు వందల దాకా గుంటలుంటాయి, లోతు మిల్లీమీటరులో నాలుగో వంతు. అవి బంతిని అంటుకున్న పలచటి గాలిపొరను కలచి, దాన్ని బంతి వెనక వరకూ అంటిపెట్టుకునేలా చేస్తాయి. బంతి వెనక ఏర్పడే సుడిగాలి తోక సన్నబడుతుంది. నున్నటి బంతితో పోలిస్తే నిరోధం దాదాపు సగానికి పడిపోతుంది, పైకి మోసే బలం పెరుగుతుంది.

సగానికి పడిపోయాక కూడా మిగిలినది తక్కువేం కాదు. బయలుదేరిన క్షణాన పీజీఏ సగటు డ్రైవ్ మీద గాలి నిరోధం బంతి బరువుకు రెండున్నర రెట్ల పైచిలుకు. మహిళల సగటు వేగం దగ్గర అది రెండు రెట్లలోపే. మన దొంగ దొరికాడు. నిరోధం కూడా వేగపు వర్గంతోనే పెరుగుతుంది. వేగం పెంచి మీరు సంపాదించిన వర్గాన్ని గాలి తన వర్గంతో లాగేసుకుంటుంది, మీకు మిగిలేది తిన్నటి గీత. మొదట్లో గంటకు 167 మైళ్ళతో బయలుదేరిన బంతి నేలకు దిగేసరికి వేగం సగానికి దగ్గరగా పడిపోయి ఉంటుంది. ఎంత వేగంగా కొడితే అంత ముందుగా, అంత ఎక్కువగా సుంకం కడతారు.

ఈ సుంకం లేని చోట ఒకసారి గోల్ఫ్ ఆడారు. 1971 ఫిబ్రవరి 6న అపోలో 14 వ్యోమగామి అలన్ షెపర్డ్ చంద్రుడి మీద, రాళ్ళు ఏరే పనిముట్టు కర్రకు గోల్ఫ్ క్లబ్ తలను బిగించి, బరువైన సూటులో ఒంటిచేత్తో రెండు బంతులు కొట్టాడు. మైళ్ళ కొద్దీ పోయిందని గొప్పలు చెప్పుకున్నాడు కాని, యాభై ఏళ్ళ తరవాత ఫోటోలను శుభ్రపరిచి కొలిస్తే ఒకటి 24 గజాలు, రెండోది 40 గజాలు అని తేలింది. అక్కడ గుంటలు దండగ, గింగిరాలు దండగ. కాని టూర్ ఆటగాడు తన మామూలు స్వింగ్‌ను అక్కడ చేయగలిగితే అదే 10.9 డిగ్రీలకు బంతి కిలోమీటరు దాటిపోతుంది, వేగం రెట్టింపు చేస్తే అక్షరాలా నాలుగింతలు పోతుంది.

గాలి పలచబడితే తేడా కొంత మన దగ్గరా కనిపిస్తుంది. హైదరాబాదు సముద్రమట్టానికి అయిదు వందల మీటర్ల పైన ఉంది. విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ క్లబ్‌లో సముద్రం పక్కన కొట్టే డ్రైవ్, అదే వేగంతో హైదరాబాదులో కొడితే నాలుగైదు గజాలు ఎక్కువ పోవాలి. తీరంలో గాలి ఉప్పు తేమతో బరువుగా ఉండటం వల్లే బంతి పోదని ఆటగాళ్ళు చెప్పుకుంటారు, అది తిరగబడ్డ మాట. నీటి ఆవిరి పొడిగాలికంటే తేలిక; తేమ గాలి రవ్వంత పలచనే. ఇక వెనక నుంచి గాలి వీస్తే చెప్పేదేముంది! 1974లో లాస్ వెగాస్‌లో 64 ఏళ్ళ మైక్ ఆస్టిన్ ఒక పోటీలో 515 గజాల డ్రైవ్ కొట్టి గిన్నిస్ పుస్తకానికెక్కాడు. ఎడారి గాలి అతని వీపు వెనక ఉంది.

వేగం అందరికీ పెరగదు. వయసు మళ్ళినవారికి తగ్గుతూ పోతుంది. ఉన్న వేగం నుంచే గజాలు పిండుకునే మార్గం కోణంలో ఉంది. క్లబ్ కిందికి దిగుతూ బంతిని తాకితే బంతి చదునుగా లేస్తుంది, వెనక్కి తిరుగుడు ఎక్కువవుతుంది. స్వింగ్ అడుగుకు చేరి, మళ్ళీ లేస్తూ తాకితే బంతి ఎత్తుగా లేచి తక్కువ తిరుగుతుంది. క్లబ్ వేగం గంటకు 90 మైళ్ళున్నవారు అయిదు డిగ్రీలు కిందికి కొట్టడానికీ, అయిదు డిగ్రీలు పైకి కొట్టడానికీ తేడా 20 గజాల పైనే అని ట్రాక్‌మన్ లెక్కలు. కోచ్‌ల భాషలో చెప్పాలంటే ఏడు మైళ్ళ వేగం ఊరికే వచ్చినట్టు. మహిళా టూర్ ఆటగాళ్ళు సగటున మూడు డిగ్రీలు పైకి కొడతారు. పురుషులు ఒక డిగ్రీకి కొంచెం పైగా కిందికి. వేగం దండిగా ఉన్నవాడికి గజాల కంటే బంతి తిన్నగా పోవడం ముఖ్యం, అందుకని ఆ నష్టాన్ని భరిస్తాడు.

బ్రైసన్ డిషాంబో ఇలాంటి బేరాలను ఒప్పుకోలేదు. కాలేజీలో భౌతికశాస్త్రం చదివిన ఈ అమెరికన్ తిండి, కసరత్తులతో ఒళ్ళు పెంచి, వేగాన్నే నమ్ముకుని 2020 సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఆ తరవాతి సీజన్‌లో అతని సగటు డ్రైవ్ 323.7 గజాలు. 1980లో టూర్ మొత్తం సగటు 257 గజాల లోపు, 2023 నాటికి 300కు చేరువ. దూరం పెరిగేకొద్దీ మైదానాలు పొడుగు చేయాలి, దానికి భూమీ నీళ్ళూ కావాలి. అందుకే నియమాలు రాసే ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ సంస్థలు క్లబ్‌ను వదిలి బంతి మీద పడ్డాయి.

వాళ్ళ పరీక్ష సులువుగానే ఉంటుంది. యంత్రం బంతిని నిర్ణీత వేగంతో కొడుతుంది, బంతి 317 గజాలకు మించకూడదు, కొలతలో తేడాల కోసం మరో మూడు గజాల వెసులుబాటు. ఇన్నాళ్ళూ ఆ వేగం గంటకు 120 మైళ్ళు. దాన్ని 125కు పెంచుతామని, గజాల హద్దు మాత్రం అదే ఉంచుతామని 2023 డిసెంబరులో ప్రకటించారు. మైలుకు మూడు గజాల లెక్క తెలిసినవారికి దీని అర్థం వెంటనే పడుతుంది: అయిదు మైళ్ళు, పదిహేను గజాలు. ఆ సంస్థలు వేసిన అంచనాలూ అలాగే ఉన్నాయి. అందరికంటే దూరం కొట్టేవారికి 13 నుంచి 15 గజాలు తగ్గుతాయి, సగటు పురుష ప్రొఫెషనల్‌కు 9 నుంచి 11, మహిళా టూర్‌లో 5 నుంచి 7. సరదాకి ఆడేవాళ్ళకు తగ్గేది అయిదు గజాల లోపే, వాటిని బంతిని టీ పుల్ల మీద కాస్త ఎత్తుగా నిలిపి, పైకి లేస్తున్న క్లబ్‌తో కొట్టి రాబట్టుకోవచ్చు.